ఇన్సూరెన్సు అక్కరలేని బండి

బోర్డు మీద నాలుగు లైన్లున్నాయి. పెట్రోలు అక్కరలేదు. లైసెన్సు అక్కరలేదు. నంబరు ప్లేటు అక్కరలేదు. ఇన్సూరెన్సు అక్కరలేదు.

రోడ్డుకి ఇవతల, పెట్రోలు బంకు రేకుల నీడలో తన బల్ల దగ్గర కూర్చున్న సత్యవేణి ఆ నాలుగూ రెండుసార్లు చదివింది. మొదటి మూడింటితో ఆమెకి పేచీ లేదు. నాలుగోది చదివినప్పుడు మాత్రం, వడ్డించిన విస్తరి ఎవరో ముందునుంచి లాగేసినట్టయింది.

అది రెండువేల ఎనిమిది, తొలకరి రోజులు. అమలాపురం ఎర్ర వంతెన దగ్గర ఆ బంకులో సత్యవేణి బల్ల వేసుకుని అప్పటికి నాలుగేళ్ళు. బి.కాం. పాసయ్యాక ఇన్సూరెన్సు ఏజెన్సీ తీసుకుంది. పెట్రోలు కొట్టించుకోడానికి వచ్చిన బండి నంబరు చూసి, ఆ బండి పాలసీ ఏ తారీకుతో అయిపోతోందో పుస్తకం తెరవకుండా చెప్పగలదు. ఆమె లెక్కలో తప్పు రాదని, మాటలో మెత్తదనం కూడా రాదని బంకులో వాళ్ళు అనుకునేవారు.

రసీదు పుస్తకం సొరుగులో పెట్టి, తాళం వేసి, రోడ్డు దాటింది.

కొత్త కొట్టులో ఆరు స్కూటర్లు మిఠాయి రంగుల్లో వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒకతను గొంతుక్కూర్చుని తీగ ఏదో బిగిస్తున్నాడు. అతని పేరు దుర్గారావని, తాటిపాక గ్యాసు ప్లాంటు పనుల్లో కాంట్రాక్టరు కింద ఆరేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి, దాచుకున్నదంతా పెట్టి ఈ కరెంటు స్కూటర్ల ఏజెన్సీ తెచ్చుకున్నాడని ఆమెకి తరవాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా అతని చెవి మీద పెన్సిలుందని, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడని.

"ఆ నాలుగో లైను తీసెయ్యండి" అంది.

అతను లేచి నిలబడ్డాడు. "అబద్ధం రాయలేదండి. ఈ బండి గంటకి ఇరవై అయిదు కిలోమీటర్లు దాటదు. దాటనిది మోటారు బండి కాదని గవర్నమెంటే చెప్పింది. నంబరు లేదు. నంబరు లేనిదానికి ఇన్సూరెన్సు ఎవరూ అడగరు, ఆయ్."

"అడగకపోవడం వేరండి, అక్కరలేకపోవడం వేరు. ఇన్సూరెన్సు పోలీసు కోసం కాదు. మీ బండి కింద పడేవాళ్ళ కోసం."

"దీని కింద ఎవరు పడతారండీ? సైకిళ్ళే దీన్ని దాటేసి పోతుంటేను."

కొట్టులో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. సత్యవేణి నవ్వలేదు. అతని గుండీ వైపు ఒకసారి చూసి, "ముందు అది సరిగ్గా పెట్టుకోండి" అని వచ్చేసింది. రోడ్డు దాటాక వెనక్కి చూడకూడదనుకుంది, చూడలేదు కూడా. కానీ ఆ మధ్యాహ్నం రాసిన రెండు రసీదుల్లో ఒకదాని మీద తారీకు తప్పు పడింది. నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

ఆ నెలలో పెట్రోలు ధర పెరిగింది. దుర్గారావు కొట్టు ముందు జనం నిలబడడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళుగా క్రమం తప్పకుండా మోపెడ్డుకి పాలసీ కట్టించిన జయమ్మ టీచరుగారు ఒక ఉదయం ఆ మోపెడ్డు అమ్మేసి గులాబి రంగు కరెంటు స్కూటరు మీద వెళ్ళిపోయారు. వెళ్తూ సత్యవేణికి చెయ్యి కూడా ఊపారు. ఇలా ఒక్కొక్క బండీ అమ్ముడైనప్పుడల్లా దుర్గారావు రోడ్డు దాటి వచ్చి, వానకి నిలబడ్డట్టు ఆ రేకుల కింద నిలబడి, ఇంకో కస్టమరు తగ్గేరండీ అని వినయంగా చెప్పేవాడు. కొన్నిసార్లు వాన లేకపోయినా వచ్చేవాడు. అలా రావడానికి కారణమేమిటని ఆమె అడగలేదు. అతని గుండీలు ఇప్పుడు సరిగ్గా ఉంటున్నాయని మాత్రం గమనించింది.

ఒకరోజు అతను, "నడపని బండిని తిట్టడం, తినని కూరకి వంక పెట్టడం ఒకటేనండి" అన్నాడు.

సత్యవేణి ఆలోచించింది. మాట న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్న మాటని కాదనడం ఆమెకి చేతకాదు. "ఇవ్వండి, నడుపుతాను" అంది.

బండారులంక వైపు వెళ్ళే కాలవగట్టు రోడ్డు మీద ఆమె స్కూటరు నడుపుతుంటే, వెనక దుర్గారావు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. బండి కదిలినట్టే తెలియలేదు. పొగ లేదు, దడదడ లేదు. కాలవలో నీళ్ళు లాకు దగ్గర దూకుతున్న చప్పుడు, కొబ్బరి మట్టల్లో గాలి, ఎవరి పెరట్లోనో బట్టలు ఉతుకుతున్న దెబ్బలు, అన్నీ విడివిడిగా వినిపించాయి. ఈ రోడ్డు మీద వెయ్యిసార్లు తిరిగింది కానీ ఈ రోడ్డుని ఎప్పుడూ వినలేదు. బాగుందని ఒప్పుకోక తప్పదు. ఎలా ఒప్పుకుంటే అతను మరీ ఉబ్బిపోకుండా ఉంటాడా అని మాటలు వెతుక్కుంటోంది.

ముందు గడ్డిమోపు ఎత్తుకుని ఒక ముసలావిడ నడుస్తోంది. మోపు కింద ఆవిడ తల కనబడడం లేదు. అడ్డంగా ఊగుతున్న గడ్డి, కింద రెండు కాళ్ళు, అంతే. సత్యవేణి పక్కనుంచి దాటబోయింది. అదే క్షణంలో ఆవిడ మోపు దింపుకోడానికి తూము గట్టు వైపు ఒక్కసారిగా తిరిగింది.

బ్రేకు పట్టుకుంది. సరిపోలేదు. వేగం ఎంతో లేదు, కానీ ముసలి ఎముకకి అంత అక్కరలేదు కూడా.

ఆవిడ పేరు వీరాయమ్మ. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్తుంటే ఏడవలేదు, తిట్టలేదు. జరిగింది ఏమిటో ఆవిడకి అర్థం కాక, అదే మళ్ళీ మళ్ళీ అనుకుంటోంది.

"మోపు ఎత్తుకున్నోళ్ళం యెనక్కి తిరగలేం కదమ్మా. సెవులే మాకు కళ్ళు. బస్సొత్తే పల్లం కాడ్నుంచే తెలుత్తాది. లారీ అయితే కాళ్ళ కింద నేల సెబుతాది. మోటారు సైకిలొత్తే పక్కకి జరుగుతాను. సైకిలుకైనా గొలుసు కిర్రుమంటాది. దీనికేటుంది, సప్పుడా పాడా. దొంగపిల్లి నయం."

ఎదురు సీట్లో కూర్చున్న దుర్గారావు తల దించుకున్నాడు. చప్పుడు లేకపోవడమే తన బండి గొప్పని అతను రోజుకి ఇరవైసార్లు చెప్పేవాడు.

చేతికి సిమెంటు కట్టు వేస్తున్నంతసేపూ వసారాలో ఇద్దరూ తగువు పడ్డారు. బండి నాదండి, నా పూచీ అంటాడు అతను. నడిపింది నేను, పూచీ నాది అంటుంది ఆమె. ఆరువారాలు వీరాయమ్మ పనికి వెళ్ళడానికి వీల్లేదు కాబట్టి ఆవిడ ఇల్లు గడవడం ఎవరు చూడాలన్న దగ్గర ఇద్దరికీ గొంతులు పెరిగాయి. లోపల్నుంచి వీరాయమ్మ, మీరిద్దరూ తరవాత తేల్చుకోండి, ముందు నా గడ్డిమోపు తూము కాడే ఉండిపోయింది, గేది ఎదురు సూత్తా ఉంటాది అని కేకేసింది. దుర్గారావు ఆసుపత్రి దగ్గర ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని మోపు కోసం వెళ్ళాడు. ఆ పూట ఆ గేదెకి గడ్డి వేసినవాడు అతనే.

సత్యవేణి ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంది, తినలేదు. నాలుగేళ్ళుగా బంకుకి వచ్చినవాళ్ళందరికీ చెప్తున్న మాట ఒకటే. తను గుద్దిన మనిషికి మాత్రం ఏ పాలసీ లేదు. ఈసారికి తనూ దుర్గారావూ కలిసి ఆవిడని చూసుకుంటారు. ఊళ్ళో తిరుగుతున్న పదకొండు బళ్ళలో రేపు ఏదో ఒకటి ఇంకో గడ్డిమోపుని తగులుతుంది. నడిపేవారి చేతిలో డబ్బేమీ ఉండకపోవచ్చు. అప్పుడు ఆ మోపు కిందున్న మనిషి గతేమిటి?

తెల్లారి బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా బోర్డు మీద నాలుగో లైను ఉన్నచోట తడి తెల్లరంగు ఉంది. దుర్గారావు బ్రష్షు కడుక్కుంటున్నాడు.

"చెరపడంతో అయిపోలేదండి" అంది సత్యవేణి, రోడ్డు దాటి వచ్చి. "అక్కర ఉందని ఒప్పుకున్నారు. ఇప్పుడు దొరకాలి. ఈ బళ్ళకి పాలసీ రాయించేదాకా నేను ఊరుకోను."

"ఇస్తారంటారా?"

"ఇవ్వరండి. తీసుకోవాలి."

మొదటిసారి బ్రాంచి ఆఫీసుకి వెళ్ళినప్పుడు మేనేజరు పోలిరాజుగారు ఫారం తిప్పి చూపించారు. రిజిస్ట్రేషన్ నంబరు అన్నచోట ఏం రాస్తావమ్మా అన్నారు. ఇంజను ఎన్ని సీసీలో దాన్నిబట్టే ప్రీమియం, ఇంజనే లేని బండికి ఏ లెక్కన కట్టమంటావు అన్నారు. రెండోసారి ఆమె ఛాసిస్ నంబర్లు, మోటారు వాట్లు వరసగా రాసుకుని వెళ్ళింది. ఆ గళ్ళు ఈ ఫారంలో లేవమ్మా అన్నారు ఆయన. మంచి మనిషే. కానీ ముప్ఫై ఏళ్ళ సర్వీసులో గడి లేనిచోట ఏదీ రాసిన మనిషి కాదు.

సత్యవేణి కంపెనీ ఇచ్చిన పుస్తకాలన్నీ ఇంటికి పట్టుకెళ్ళి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. కాలేజీలో పరీక్షలకి కూడా అంత చదవలేదు. అయిదోరోజున దొరికింది. మోటారు పాలసీల్లో కాదు, ఇంటి పాలసీలో. నిప్పు, దొంగతనం, టీవీ, నగలు అన్నీ అయ్యాక, ఎవరూ అమ్మని, ఎవరూ అడగని చిట్టచివరి భాగంలో సైకిలుంది. ఇంటి సైకిలు పోయినా, పాడైనా, అది ఎవరికైనా తగిలి దెబ్బ తగిలినా ఇంత అని ఇస్తారు.

మూడోసారి పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి పోలిరాజుగారి ముందు పెట్టింది.

"సైకిలంటే కాళ్ళతో తొక్కేదమ్మా."

"అలా ఎక్కడ రాసేరండీ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెతికారు. రాయలేదు.

"మోటారు బండి కాదని గవర్నమెంటు అంది. నంబరు లేదని మీరూ కాదన్నారు. మోటారు బండి కానిది, రెండు చక్రాలున్నది, ఇంట్లో మనిషిని మోసేది సైకిలు కాకపోతే మరేవిటో కాగితం మీద రాసివ్వండి. అది పట్టుకుని రాజమండ్రి పెద్దాఫీసుకి వెళ్తాను."

కాగితం మీద అనేసరికి పోలిరాజుగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. తప్పించుకునే దారి కోసం వెతికి, "కనీసం పెడళ్ళయినా ఉండాలి కదమ్మా" అన్నారు.

ఆమె తిన్నగా దుర్గారావు కొట్టుకి వెళ్ళి పెడళ్ళేమైనా ఉన్నాయా అని అడిగింది.  అతను కొట్టు వెనక గదిలోంచి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చి ఆమె ముందు బోర్లించాడు. అన్నీ పెడళ్ళే. కంపెనీ ప్రతి బండికీ ఇచ్చిందట. స్కూటరుకి పెడళ్ళేంటని కొనేవాళ్ళు నవ్వుతుంటే విప్పేశాడట.

"మీ సిగ్గు వల్ల బోలెడు పని పెరిగిందండి" అంది సత్యవేణి. ఆమె మొహంలో నవ్వు అతను చూడడం అదే మొదలు.

పదకొండు ఇళ్ళు తిరిగారు. ఆమె చెప్పేది, అతను బిగించేవాడు. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. స్కూటరుని సైకిలు చేస్తారా అని ఒకాయన గుమ్మంలోనే అడ్డం నిలబడితే, సత్యవేణి ఆయన్ని వీరాయమ్మ ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ చెయ్యి చూపించి తీసుకొచ్చింది. వీరాయమ్మ ఉత్తినే కూర్చోలేదు. పెడలుంటే నాకేటి లాభం, నాకు సప్పుడు గావాలి అంది. ఎడ్ల మెడలో కట్టే మువ్వలు రెండు తీసి, చక్రం తిరిగినప్పుడల్లా మోగేట్టు కట్టమంది. దుర్గారావు కట్టి చూశాడు. మోగాయి. ఆ మాట సత్యవేణి పెద్దాఫీసుకి రాస్తున్న అర్జీలో చేర్చింది.

జయమ్మ టీచరుగారి ఇంట్లో ఉండగా వాన పట్టుకుంది. పంచలో గులాబి స్కూటరు పక్కన దుర్గారావు పెడలు బిగిస్తున్నాడు. టీచరుగారు టీ పట్టుకొచ్చి, మీరిద్దరూ ఎడమొహం పెడమొహం అనుకున్నానే, ఒకే కంపెనీ ఎప్పుడయ్యారు అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు. చూరునీళ్ళు ఒక చుక్క దుర్గారావు కంట్లో పడింది. రెండు చేతులూ గ్రీజు. కన్ను చికిలిస్తూ అలాగే ఉండిపోయాడు.

"కదలకండి" అని సత్యవేణి చేతిరుమాలు కొసతో, కాగితం మీద సిరా మరక అద్దినట్టు అద్దింది. ఎంత అవసరమో అంతే. అయినా అతను ఆ తరవాత అదే బోల్టుని మూడుసార్లు విప్పి బిగించాడు.

"ఈ పాలసీలో మీకు కమిషన్ ఏపాటి వస్తుందండీ?"

"బండికి టీ ఖర్చు కూడా రాదండి."

"మరి ఇంత పట్టుదల దేనికండీ?"

ఆమె వాన వైపు చూసింది. "ఆవిడ చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడిందండి. మీ బండికి చప్పుడు లేదు కదా, అందుకని బాగా వినబడింది."

 అతను ఆ పెడలు గట్టిగా బిగించాడు.

పెడళ్ళున్నా పెద్దాఫీసు ఒప్పుకోవాలన్నారు పోలిరాజుగారు. పెడళ్ళతో సహా ఫొటోలు తీయించి ఆమె ఒక్కతే రాజమండ్రి వెళ్ళింది. పెద్ద ఆఫీసరు ఈవేళ చూడరన్నారు. బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం రేపు రమ్మన్నారు. రావులపాలెం మీదుగా ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని, అంతవరకూ కూర్చోగలనని చెప్పింది. అయిదింటికి ఆయన బయటికి వస్తూ ఆగి, నిలబడే కాగితాలు తిరగేశాడు. మువ్వల దగ్గర ఆగి, ఇది ఎవరి ఆలోచన అన్నాడు. గడ్డిమోపు మోసే ఆవిడదండి అంది. కాగితాలు లోపలికి తీసుకెళ్ళాడు.

పన్నెండు రోజులకి ఉత్తరం వచ్చింది. ఇస్తామన్నారు. పెడళ్ళుండాలి, చప్పుడు చేసేది ఉండాలి, బండి యజమాని కాపురముండే ఇంటికి ముందు పాలసీ తీసుకోవాలి, దానికి జతగానే బండి. పోలిరాజుగారు ఉత్తరం రెండుసార్లు చదువుకుని, ఇన్నాళ్ళూ ఈ పేజీ నేనూ చదవలేదమ్మా అన్నారు.

మొదటి పాలసీ తనదే కావాలని దుర్గారావు పెన్ను తీసుకుని కూర్చున్నాడు. ఇంటి చిరునామా అన్నచోట కొట్టు చిరునామా రాయబోయాడు. సత్యవేణి ఫారం మీద చెయ్యి పెట్టి ఆపింది. కొట్టు వెనక అట్టపెట్టెల మధ్య పడుకుంటే అది ఇల్లు కాదండి, కొట్టే, మీకు ఇవ్వడం కుదరదు అంది.

"మీరు తెచ్చిన రూలేనా అండీ?"

"నేను తేలేదండి. చదివేను."

అతను పెన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వారంలో పదకొండు పాలసీలూ రాసింది. అతనిది లేదు. రోడ్డుకి అవతల కొట్టు మూడురోజులు మూసే ఉంది. రూలు రూలే అని ఆమె తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ తలెత్తి ఆ మూసిన షట్టరు వైపు చూసింది.

గురువారం సాయంత్రం అతను బల్ల దగ్గరికి కాక ఇంటికి వచ్చాడు. సత్యవేణి తండ్రి సూర్యారావు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా రిటైరైన మనిషి. అరుగు మీద కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పుకుంటున్నాడు. దుర్గారావు నిలబడే చెప్పాడు.

"నల్ల వంతెన అవతల ఇల్లొకటి చూసేనండి. రెండు గదులు, వంటిల్లు. ఒక్కడికైతే ఇవ్వరట. రాజోలు వెళ్ళి మా అమ్మతో చెప్పేను. మీ అమ్మాయిగారిని అడిగేముందు మిమ్మల్ని అడగాలి కదండీ."

వంటింట్లో తల్లి సావిత్రి రుబ్బుతున్న చప్పుడు ఆగిపోయింది. సూర్యారావు స్క్రూడ్రైవరు కింద పెట్టి కూతురి వైపు చూశాడు.

సత్యవేణి గుమ్మం పట్టుకుని నిలబడింది. "పాలసీ కోసమా అండీ?" అంది.

"పాలసీ లేకపోయినా బతుకుతానండి" అన్నాడు దుర్గారావు. "మీరు ఆ బల్ల తీసి ఇంకోచోట వేసుకుంటే మాత్రం, రోజూ షట్టరు ఎత్తి ఏం చూడాలో నాకు తెలియదు."

సత్యవేణి గుమ్మం దాటి అరుగు మీదికి వచ్చింది.

"చూడకుండా నేను దేనికీ ఒప్పుకోనండి" అంది. "రేపు తొమ్మిదింటికి ఆ ఇల్లు చూపించండి. నాన్నగారూ వస్తారు."

మర్నాడు తొమ్మిదింటికి ముగ్గురూ వెళ్ళారు. ఇంటావిడ తాళం తీసి ఊరుకుంది. సత్యవేణి ఊరుకోలేదు. వెనక తలుపు గడియ రెండుసార్లు వేసి తీసింది. కిటికీ ఊచలు లాగి చూసింది. పడకగదిలో పైకి చూసి, ఒక పెంకు పగిలిందని, ఆ చెమ్మ గోడమీదుగా స్విచ్చిబోర్డు దాకా దిగుతోందని, కరెంటు బండి ఛార్జింగ్ పెట్టే ఇంట్లో అది ప్రమాదమని వివరంగా చెప్పింది. దుర్గారావు ఆమె వెనక ఒక అడుగు దూరంలో నడుస్తున్నాడు. 

ఇంటావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఈ అమ్మాయెవరండీ, ఆఫీసరుగారా?"

దుర్గారావు నోరు తెరిచాడు. ఏ మాట చెప్పే హక్కు తనకి వచ్చిందో తెలియక మళ్ళీ మూసుకున్నాడు.

"కాదండి" అంది సత్యవేణి, ఇంకా ఆ పెంకు వైపే చూస్తూ. "ఈ ఇంట్లో ఉండబోయేదాన్ని. ముందు అది మార్పించండి."

వసారాలో మీటరు కింద నిలబడి ఉన్న సూర్యారావు ఆ మాట విన్నాడు. మీటరు పెట్టె మూత మెల్లిగా వేసి, గొంతు సవరించుకుని, ఇంటావిడని అడిగాడు.

"తాళంచెవులు ఎన్నున్నాయమ్మా?"

"రెండండి."

"రెండూ ఇప్పించండి."